సైలెన్సరు మార్చిన మైలేజీ పెరుగునా?

బొగ్గు ధూళి, గోదావరి ఇసుక, మన్యపు టెండల నడుమ తిరుగాడు బండ్లకు అంగడి ఫిల్టర్లును బోలు గొట్టములును ఇచ్చునదేమి, హరించునదేమి?

1965వ సంవత్సరమున గోదావరిపై వారధి వెలసిన నాటినుండి భద్రాచలము పుణ్యక్షేత్రమే కాక గొప్ప మార్గకూడలియు నైనది. సారపాక కాగితపు మిల్లుకు జామాయిలు కర్ర మోయు లారీలును, మణుగూరు గనులనుండి బొగ్గు నింపుకొని వచ్చు టిప్పర్లును, చర్ల, దుమ్ముగూడెముల వైపు రేవులనుండి ఇసుక దింపు బండ్లును, నెల్లిపాక, చింతూరుల మీదుగా కుంటకును, సుకుమకును సాగిపోవు బస్సులును, సంతనాడు కిక్కిరిసిన ఆటోలును, వీనియన్నిటి నడుమ సందు దొరికినచోట దూరిపోవు మోటారుసైకిళ్లును ఈ యూరి వీధులను పగలనక రాత్రియనక కలచుచుండును. ఈ ప్రాంతమున బండి విలాసవస్తువు కాదు. వెంకటాపురమునుండి ఆసుపత్రికి రావలసినవాడును, చింతూరునుండి కళాశాలకు రావలసినవాడును, చేనిలోని పత్తిని బేరమునకు తెచ్చుకొనవలసినవాడును లీటరుకు బండి ఎంత యిచ్చుచున్నదని లెక్క చూచుకొనక తప్పదు. కొత్తగూడెము 40 కిలోమీటర్లును, ఖమ్మము సుమారు 120 కిలోమీటర్లును ఉన్నచోట మైలేజీ యనునది బియ్యము, నూనెలతోపాటు ఇంటి పద్దులోని మాటయే.

కావుననే మెకానిక్కు షెడ్డులో, నూనె మరకలు పడిన బల్లమీద మెరయుచున్న కోను ఆకారపు ఎయిర్ ఫిల్టరును చూపి, “అన్నా, ఇది ఏస్తే బండి మంచిగ ఊపిరి పీల్చుకుంటది. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ గూడ పెట్టినవనుకో, లీటరుకు ఐదు కిలోమీటర్లు ఎక్కువిస్తది. ఇంక పికప్ సంగతి చెప్పనే అక్కర్లేదు” అని ఒకడు భరోసా యిచ్చినపుడు, వినువాని చేయి తనకు తెలియకుండగనే జేబులోనికి పోవును. లోనికి గాలి ధారాళముగా పోయి, పొగ ధారాళముగా వెలువడినచో యంత్రము సులువుగా పనిచేయుననియు, సులువుగా పనిచేయు యంత్రము తక్కువ తినుననియు తోచుట సహజము. తర్కము వినసొంపుగనే యున్నది. దానిలోని లోపమంతయు, ఇంజనుకు గాలి నాపుచున్నదెవరో విచారింపకపోవుటయందు కలదు.

గాలిద్వారము ఎవరి చేతిలో నున్నది?

పెట్రోలు ఇంజనులో శక్తిని హెచ్చించుటకును తగ్గించుటకును గల ప్రధానసాధనము గాలిని నియమించుట. ఎక్సలేటరు తిప్పినపుడు తెరచుకొనునది పెట్రోలు ద్వారమని పెక్కుమంది తలంతురు గాని, నిజమునకు తెరచుకొనునది గాలిత్రోవకు అడ్డుగా నున్న థ్రాటిల్ పలక. ఎంత గాలి లోనికి పోవునో దానికి తగిన పెట్రోలును పాతబండిలో కార్బురేటరు, కొత్తబండిలో ఇంజెక్టరు కలుపును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహింపవలెనన్న తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. చదునైన తారురోడ్డుపై ఒక్క మనిషితో 50 కిలోమీటర్ల వేగమున పోవు 110 సీసీ బండికి రెండు మూడు అశ్వశక్తులు చాలును; దాని సామర్థ్యమో ఎనిమిదికి చేరువ. మిగిలిన బలము అక్కరలేదు గనుక పలక కొంచెమే తెరచియుండును. బయట వాతావరణ పీడనము 100 కిలోపాస్కళ్లున్నదనుకొనినచో, అట్టి నడకలో పలక దాటిన పిదప గొట్టములో నుండునది 40, 50 మాత్రమే. శుభ్రమైన ఫిల్టరును దాటుటలో గాలి కోల్పోవు పీడనము అదే నడకలో ఒక్క కిలోపాస్కలైనను ఉండదు. అవరోధములో ఏబది పాళ్లు నడుపువాని చేతిలోని పలకవైనచో, ఒక్క పాలైనను ఫిల్టరుది కాదన్నమాట.

ఇక ఆ ఒక్క పాలును వేలు పోసి తొలగించితిమనుకొందము. అదే రోడ్డుపై అదే వేగమున పోవుటకు ఇంజనుకు కావలసిన గాలి మునుపటంతయే. గాలి కొంచెము సులువుగా వచ్చుచున్నది గనుక నడుపువాని చేయి, తనకే తెలియకుండ, పలకను అంతమేరకు మూయును. ఒకచోట తీసిన అడ్డు మరొకచోట చేరినది, ఖర్చు యథాతథము. ఎక్సలేటరును కడదాక తిప్పినపుడు మాత్రమే పలక పూర్తిగా తొలగిపోవును గనుక, అప్పుడే ఫిల్టరు యొక్క ఘనత బయటపడి ఒకింత బలము హెచ్చును. అది రేసు బండికి ప్రయోజనమే. కాని కడదాక తిప్పి నడుపువాడు మైలేజీని గూర్చి మాటలాడుట యెందులకు?

ఈ విషయము ఊహకు వదలివేయబడినది కాదు. అమెరికా దేశమందలి ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ఇంజెక్షన్ కార్లకు ఎయిర్ ఫిల్టరును బుద్ధిపూర్వకముగ మూసుకుపోవునట్లు చేసి పరీక్షించిరి. శుభ్రమైన ఫిల్టరునకును మూసుకుపోయిన ఫిల్టరునకును మైలేజీలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. వేగము పుంజుకొనుటకు పట్టు కాలము మాత్రము మారినది. పొగ గొట్టములోని ఆక్సిజన్ సెన్సారు క్షణక్షణము మిశ్రమమును పరీక్షించి చెప్పుచుండ, ఇంజను కంప్యూటరు గాలి తగ్గినచోట పెట్రోలును తగ్గించివేయుటయే దీనికి కారణము. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని చెరుపలేకపోయినపుడు, బాగుగనున్న కంపెనీ ఫిల్టరును తీసి మరింత బోలుగనున్నది పెట్టిన మాత్రమున ఒరుగునదేమి?

చల్లగాలి గొట్టములను గూర్చియు ఒక మాట. మే నెలలో ఇచ్చట ఎండ 45 డిగ్రీలు దాటినపుడు గాలి పలుచబడి బండి మందగించుట నిజమే. చల్లని గాలి చిక్కనిది గనుక కడదాక తిప్పినపుడు బలము నిచ్చును. కాని నిదాన నడకలో చిక్కని గాలి వచ్చిన కొలది పలకను మరింత మూయవలసివచ్చును. అందుచేత లోనికి పీల్చుకొను శ్రమ తగ్గుటకు మారు ఒకింత పెరుగును. బలమును కోరువాని త్రోవ వేరు, పొదుపును కోరువాని త్రోవ వేరు; రెంటిని ఒకే డబ్బాలో పెట్టి అమ్ముటయందే అంగడి నేర్పు ఉన్నది.

పొగ వెడలు దారి

సైలెన్సరు సంగతియు నించుమించు నిట్టిదే. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడవ వంతో, అంతకు తక్కువయో మాత్రమే చక్రమును చేరును. తక్కినది పొగ వేడిమిగను ఇంజను వేడిమిగను గాలిలో కలిసిపోవును. సైలెన్సరు మార్చినంతమాత్రమున ఆ వేడిమి తిరిగి రాదు. సైలెన్సరువలన కలుగు ఎదురొత్తిడి యొక్కటే మనము తగ్గింపగలది. అది పొగ ప్రవాహము యొక్క వర్గమును అనుసరించి మారును గనుక, ప్రవాహము సగమైనపుడు ఒత్తిడి నాలుగవ వంతునకు దిగును. ఇంజను పూర్తిబలముతో అరచునపుడు కొంత లెక్కకు వచ్చునది, సంతకు పోవు నడకలో లెక్కకే రాదు.

అంతటితో పోయిన మేలే. కార్బురేటరు బండిలో నష్టము కూడ మొదలగును. పాతకాలపు బుల్లెట్టుకు బోలు సైలెన్సరును, మూత లేని ఫిల్టరును కలిపి తగిలించినపుడు మిశ్రమములో గాలి పాలు హెచ్చి, ఎక్సలేటరు వదలినప్పుడెల్ల గొట్టమునుండి డబడబమని పేలుళ్లు వెలువడును. కుర్రవానికి అది వీనులవిందు. ఇంజనుకు మాత్రము వేడి. అంతట మెకానిక్కు “జెట్టు మార్చాలె తమ్మీ” అని మెయిన్ జెట్టు తీసి దానికంటె పెద్ద రంధ్రముగల జెట్టు బిగించును. మైలేజీకై మొదలుపెట్టిన మరమ్మతు ఈ విధముగ పెట్రోలు రంధ్రమును పెద్దది చేయుటతో ముగియును. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 బండ్లలో కంప్యూటరు కలదు గనుక జెట్టు బాధ లేదు గాని, బెండు పైపు అతుకు సరిగా కూరుచుండక బయటిగాలి లోనికి చొరబడినచో ఆక్సిజన్ సెన్సారు ఆ గాలిని చూచి మిశ్రమములో పెట్రోలు చాలలేదని భ్రమించును. కంప్యూటరు దాని మాట నమ్మి పెట్రోలును కుమ్మరించును. పొగలోని విషమును హరించు క్యాటలిటిక్ కన్వర్టరును పెరికివేసినవారి బండిలో హెచ్చరిక దీపము వెలుగవచ్చును.

ఫలించు సందర్భములు

ఐతే గాలిత్రోవయు పొగత్రోవయు మైలేజీతో ఎన్నటికిని సంబంధము లేనివని చెప్పుట సత్యమునకు దూరము. కార్బురేటరు బండిలో మూసుకుపోయిన ఫిల్టరును మార్చినచో ఫలితముండును. అమెరికా ప్రభుత్వపు ఇంధన విభాగము లెక్కలో అట్టి పాత కార్లకు సాధారణముగ 2 నుండి 6 శాతము, బండి నడకయే చెడునంతగా మూసుకుపోయినచో 14 శాతము వరకును మేలు కలదు. గమనింపవలసినదేమన, ఈ మేలు కొత్త కంపెనీ ఫిల్టరుతోనే వచ్చును. కోను ఫిల్టరు అవసరము లేదు.

రెండవది టూ స్ట్రోకు బండి. 1985 మొదలు 1996 వరకు మనదేశమున తయారైన యమహా ఆరెక్స్ 100 ను ఇప్పటికిని ప్రాణముగా చూచుకొనువారు మన ఊళ్లలో కలరు. ఈ జాతి ఇంజనులో పొగ పోవు ద్వారమును, కొత్త మిశ్రమము వచ్చు ద్వారమును కొంతసేపు ఒకేమారు తెరచియుండును గనుక కాలని పెట్రోలు పొగతోబాటు బయటికి జారిపోవును. నడుమ ఉబ్బి కొనలు సన్నగిలిన గొట్టమును లెక్కప్రకారము అమర్చినచో, పొగతోబాటు బయలుదేరిన ఒత్తిడి అల దాని కొసను తాకి వెనుదిరిగి వచ్చి, జారిపోవుచున్న మిశ్రమమును మరల సిలిండరులోనికి నెట్టును. తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కర్మాగారమున వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు 1950ల నాడే ఈ విద్యను సాధించెను. 1961లో ఆ కర్మాగారపు పందెగాడు ఎర్న్స్‌ట్ డెగ్నర్ దేశము విడిచిపోయి సుజుకీ సంస్థను చేరుటతో అది జపానునకును పాకెను. ఇట్టి గొట్టము లోపలి జల్లెడను “సౌండు కోసం” పెరికివేయువాడు అలల లెక్కను చెరిపి, డబ్బిచ్చి కొనిన పెట్రోలును కాల్చకయే రోడ్డుమీదికి వదలుచున్నాడు.

మూడవది డీజిలు. అందు సాధారణముగ థ్రాటిల్ పలక ప్రమేయము లేదు. గాలి ఎల్లప్పుడును పూర్తిగా వచ్చును, శక్తిని నియమించునది డీజిలు. కావున నిండు బరువుతో ఘాటు ఎక్కుచున్న లారీకి ఫిల్టరు మూసుకుపోయినచో గాలి చాలక నల్లపొగ చిమ్మును, డీజిలు వృథా యగును. దీనికిని విరుగుడు ఫిల్టరును వేళకు మార్చుటయే.

గాలిత్రోవను మార్చి పెట్రోలును నిజముగా పొదుపు చేసిన సంఘటన మన తాతల కాలమున ఒకటి జరిగినది. రెండవ ప్రపంచయుద్ధమునాడు పెట్రోలు కరవై రేషను వచ్చినపుడు బస్సుల వెనుక బొగ్గు కొలిమిని తగిలించి, చాలీచాలని గాలిలో బొగ్గును మండించి, అందు పుట్టిన కార్బన్ మోనాక్సైడు వాయువును ఇంజనునకు పట్టించెడివారు. బయలుదేరుటకు ముందు క్లీనరు చాలసేపు చక్రము తిప్పి నిప్పును రాజేయవలెను. బలము మూడవ వంతుకు పైగా తరుగుటచే మెరక వచ్చినచోట ప్రయాణికులు దిగి నడువవలసివచ్చెడిది. పెట్రోలు నిజముగా మిగిలెను, ఏలయన దాని బదులు బొగ్గు కాలెను. ఒకటి కాలకుండ మరొకటి మిగులుట ఆ నాడును జరుగలేదు, ఈ నాడును జరుగదు.

మన్యపు ధూళి

ఈ ప్రాంతపు బండివానికి ఫిల్టరు విషయమై మైలేజీకంటె ముఖ్యమైన చింత యొకటి కలదు. మణుగూరు మార్గమున టిప్పరు వెనుక పోవు మోటారుసైకిలును సాయంకాలమున నిలిపి సీటు క్రింది డబ్బా మూత తీసి చూచినచో, కాగితపు మడతలలో ఒకవైపు నల్లని బొగ్గుపొడియు, మరియొకవైపు బుగ్గివంటి యెర్రమన్నును పేరుకొనియుండును. తెల్లనిదై యుండిన కాగితము రంగు గుర్తింపనలవి కాదు. గోదావరి ఇసుక సన్నపుపొడియై గాలిలో తేలునపుడు అది సిలికా, ఇనుముకంటె గట్టిది. పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమ చేరినచో అది ఆ రెంటిని అరగదీయును, కంప్రెషను పోవును, సైలెన్సరునుండి నీలిపొగ వెడలును, తుదకు షెడ్డులో “ఇంజను బోరుకొచ్చింది” అను తీర్పు వినబడును. బోలు ఫిల్టరు గాలిని సులువుగా పోనిచ్చునన్నచో, దుమ్మును గూడ సులువుగా పోనిచ్చు ప్రమాదము దానిలో నున్నది. నూనె తడిపిన గుడ్డ ఫిల్టరును కడిగి, ఆరవేసి, లెక్కగా మరల నూనె పట్టించు ఓపిక ఉన్నవారికి అది కొంత పనికివచ్చునేమో గాని, ఎండిపోయిన గుడ్డతో ఇసుక లారీల వెంట తిరుగుట ఇంజనును చేతులార అరగదీయుటయే. కాగితపు ఫిల్టరు కొంత దుమ్ము పట్టిన పిదప మరింత సన్నగా వడపోయుననుటయు నిజమే గనుక, దానిని దినదినము విప్పి గాలికొట్టించుటకంటె కంపెనీ చెప్పిన దూరములో సగమునకే మార్చివేయుట ఇచ్చటి రోడ్లకు తగిన పద్ధతి.

నమ్మకము ఎట్లు పుట్టును?

ఇంత స్పష్టమైన విషయమున “నాకు మైలేజీ పెరిగింది” అని ప్రమాణము చేయువారు ఇందరేల? వారు అబద్ధమాడుచున్నారని కాదు. సైలెన్సరు మార్చిననాడే చైనుకు నూనె, చక్రములకు గాలి, ఇంజనుకు కొత్త ఆయిలు, ప్లగ్గుకు శుభ్రత జరిగియుండును. మేలు వానిది, పేరు సైలెన్సరుది. డబ్బు పెట్టినవాడు ఆ వారమున బండిని మెత్తగా నడుపును, పెరిగినదా లేదా అని చూచుచుండును గనుక. ఆ మెత్తదనమే లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు కలుపును. ట్యాంకు ముల్లు చూచి చెప్పు లెక్కకును, రిజర్వు పడిన చోటును బట్టి చెప్పు లెక్కకును ప్రమాణత్వము లేదు.

నిజము తెలియగోరువాడు చేయవలసిన పరీక్ష సులభమే. ఒకే బంకులో అంచువరకు ట్యాంకు నింపించి, తెల్లవారుజామున రద్దీ లేనివేళ సుమారు 35 కిలోమీటర్ల దూరముననున్న పర్ణశాల వరకు పోయి, అదే త్రోవను అదే వేగమున తిరిగి వచ్చి, అదే పంపువద్ద మరల అంచువరకు నింపించి లెక్క వ్రాసికొనవలెను. పోయినప్పటి గాలివాటము వచ్చునపుడు ఎదురగును గనుక రెండును చెల్లు. కొత్త సామానుతో కొన్నిమారులు, పాతది మరల తగిలించి కొన్నిమారులు చేసిన పిదప కూడ భేదము నిలిచినచో అప్పుడు నమ్మవచ్చును. అమెరికా పర్యావరణ సంస్థవారు ఇంధనము నాదా చేయునని ప్రకటించుకొనిన నూరుకు పైగా సాధనములను పరీక్షించి, వానిలో బహుకొద్దింటికే, అదియు స్వల్పముగనే, ఫలితమున్నదని తేల్చిరి.

ఒకవేళ అంగడివాని మాట కొంత నిజమనియే ఒప్పుకొందము. లీటరుకు 60 కిలోమీటర్లిచ్చు బండి నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగినచో 25 లీటర్లు కావలెను. లీటరు 100 రూపాయల లెక్కన, ఐదు శాతము మేలు కలిగినచో నెలకు మిగులునది 120 రూపాయలు. 4,000 రూపాయల సామాను ఖరీదు తిరిగి రావలెనన్న మూడేండ్లకు ఇంచుక తక్కువ పట్టును. అంతలో ఆ సైలెన్సరు తుప్పు పట్టకుండవలెను.

చట్టము చెప్పు మాట

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుట కూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నొక్కి చెప్పెను. శబ్దమునకును పొగకును సంబంధించిన ప్రమాణములను మీరినచో 10,000 రూపాయల వరకు జరిమానాయో, మూడు నెలల వరకు జైలుశిక్షయో, రెండునో విధింపవచ్చును. ద్విచక్రవాహనముల శబ్దమునకు ఇంజను పరిమాణమును బట్టి 75 మొదలు 80 డెసిబెళ్ల వరకు హద్దు కలదు. 10 డెసిబెళ్లు పెరుగుట యనగా ధ్వనిశక్తి పదింతలగుట. పోలీసులు పట్టుకొనిన బోలు సైలెన్సర్లను వరుసగా పరచి రోడ్డు రోలరుతో తొక్కించు దృశ్యము మన నగరములలో పరిపాటియైనది. రాత్రివేళ అడవి అంచు గూడెముల మీదుగా ఆ మోత సాగిపోవునపుడు ఉలిక్కిపడు పసిపాపకును ముసలివానికిని జరిమానాలో పాలు లేదు.

ఆర్టీసీ డిపోలో నున్న విద్య

మైలేజీని ఒక శాస్త్రముగ సాధన చేయుచున్న సంస్థకై దూరము పోనక్కరలేదు. ఆర్టీసీ డిపోలలో ‘కేఎంపీఎల్’ అను మాట డ్రైవర్ల నోట నిత్యము నానుచుండును; లీటరు డీజిలుకు ఎవరెన్ని కిలోమీటర్లు తెచ్చిరో డ్రైవరువారీగ లెక్క కట్టుదురు, ముందున్నవారిని సన్మానింతురు, వెనుకబడినవారికి శిక్షణ యిత్తురు. ఒకే రూటున, ఒకే బస్సుమీద, ఇరువురు డ్రైవర్ల లెక్క భిన్నముగ నుండుటయే ఈ పద్ధతికి మూలము. బస్సు అదే, ఫిల్టరు అదే, సైలెన్సరు అదే, మారినది పాదము. ముందు దారిని చూచి ముందుగనే ఎక్సలేటరు వదలువాడు బ్రేకుమీద తక్కువ ఆధారపడును. బ్రేకు నొక్కినపుడెల్ల వేడియై పోవునది కాల్చిన డీజిలే గదా.

1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘమువారు కార్లవారికి చెప్పునదియు ఇదియే: గంటకు 80 కిలోమీటర్ల వేగముకంటె 45, 55 నడుమ నడిపినచో 40 శాతము వరకు అదనపు మైలేజీ రాగలదు. చక్రములలో గాలి తగ్గిన కొలది, పౌను ఒక్కింటికి ఇంచుమించు 0.2 శాతము మైలేజీ తరుగును. కారు నెత్తిన వృథాగా మోయు క్యారియరు హైవేమీద అంతకు ఎన్నో రెట్లు తినును. పట్టుకొనిపోయిన బ్రేకు, వదులైన చైను, జారు క్లచ్చి ప్లేట్లు, గేటువద్ద ఊరక తిరుగు ఇంజను, వీనిలో ఏ ఒక్కటి సరిచేసినను కోను ఫిల్టరు నిజముగా ఇచ్చు దానికంటె హెచ్చు మిగులును. ఖర్చు మాత్రము వందలలో ముగియును.

కాబట్టి పొదుపు కోరువాడు కంపెనీ ఫిల్టరును వేళకంటె ముందే మార్చుకొని, వారమునకొకమారు చక్రములకు గాలి చూపించుకొని, కుడిచేతిని అదుపులో నుంచుకొనిన చాలును. బలము కోరువాడు బలమునకు వెల యిచ్చుకొనవచ్చును, చట్టము ఒప్పినంతమేరకు. మోత కోరువాడు మోతకే డబ్బిచ్చుచున్నానని ఇంట ఒప్పుకొనుట మేలు. పెట్రోలు పొదుపను పేరుతో ఇంటివారివద్ద నాలుగువేలు పుచ్చుకొనుట మాత్రము న్యాయము కాదు.